పొలిమేరను మిల్లు దాటించిన రామక్క

మా రామక్క ఇక లేదు. ఎండల నెల వైకాసిలో, మారియమ్మ పండుగ నోంబికి రక్షగా కాప్పు కట్టిన ఏడో నాడు, సోమవారం తెల్లవారుజామున అయిదు గంటల పది నిమిషాలకు కోయంబత్తూరు ఆసుపత్రిలో ఆమె ఊపిరి ఆగిపోయింది. ఆమె కొడుకు గోపాలు తల్లి వయసు డెబ్భై మూడు అని అందరికీ చెబుతున్నాడు. అది తప్పు. డెబ్భై ఒకటి నిండి నాలుగు నెలలు. నాకంటే సరిగ్గా రెండేళ్లు పెద్దది. ఇంత నిబ్బరంగా లెక్కలు రాస్తున్నానే గానీ, పన్నెండు రోజులుగా పొద్దున లేవగానే వాళ్ల వాకిలి వైపు చూసి, చీపురు చప్పుడు వినబడక, మళ్లీ కొత్తగా ఆ వార్త విన్నట్టు అవుతున్నది.

చనిపోయిన సమయం ఎవరో చెబితే రాసినది కాదు. నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. మా ఊరివాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగుతారని నాకు తెలుసు. కాప్పు కట్టిన తరువాత ఊరి పొలిమేర దాటి ఒక్క రాత్రి ఉండని అలమేలు, ఇంకొకరిని ఉండనివ్వని అలమేలు, ఆ వేళకు కోయంబత్తూరులో ఎలా ఉంది? దానికి జవాబు చెప్పాలంటే రామక్క ఎవరో, ఆమె ఈ ఊరికి ఏమి చేసిందో మొదటి నుంచి చెప్పాలి.

సూలూరు దగ్గర మాది ముప్పై ఏడు గడపల ఊరు. ఇళ్లల్లో తెలుగు, బడిలో అరవం. సగంమంది పత్తి, జొన్న వేసేవాళ్లు, సగంమంది మిల్లుకు పోయేవాళ్లు. ఊరి చివరి ఇంటి నుంచి మిల్లు గేటుకు నా నడకతో వెయ్యిన్ని నూట నలభై అడుగులు. ఎండాకాలం మాకు ఖాళీ కాలం కాదు. బావులు ఎండి, చేలు బీడుపడి, చేతులు ఊరికే ఉన్న ఆ నెలలోనే మారియమ్మ నోంబి వస్తుంది. ఒక మంగళవారం పొద్దుగూకే వేళ కాప్పు కడతారు. ఆ పై వారం బుధవారం నోంబి. మధ్యలో తొమ్మిది రోజులూ పొద్దున అంబలి, దారిలో చలిపందిరి, సాయంత్రం ఆడపిల్లల చప్పట్ల ఆట కుమ్మి, మగవాళ్ల ఉట్టి, ఆఖరి నాడు పసుపు నీళ్లు. ఇవన్నీ నడిపించిన మనిషి రామక్క. ఆమెను ఎవరూ నియమించలేదు. పెద్దల వరుసలో ఆమె పేరు ఎన్నడూ లేదు. మిల్లులో రీలింగు పని చేసే ఒక విధవరాలు ఊరి వేసవిని ముప్పై ఆరేళ్లు తన చేతి మీద నడిపింది.

కుమ్మి నేర్పడంలో ఆమె కాఠిన్యం ఎరిగినవాళ్లు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. మిల్లు సంగు నాలుగింటికి కూస్తే, నాలుగున్నరకు ఇల్లు చేరి, మొహం కడుక్కుని, అయిదున్నరకు పందిరి కింద నిలబడేది. తలలో పత్తి నూగు అలాగే ఉండేది. ఒకసారి ఆట మొదలుకాబోతుంటే నేను పిల్లలను లెక్కపెట్టి, ఇరవై ముగ్గురు ఉన్నారనీ, జతలు కుదరవనీ చెప్పాను.

"యారు తక్కువ?" అన్నది.

"ఒకరు తక్కువ. ఇరవై నాలుగు కావాల."

"లెక్క తప్పింది కనిపెట్టేది తెలుసునే నీకు. కొంగు దోపుకోని దిగు. సరిపోతాది."

నాకు అప్పుడు నలభై ఆరేళ్లు. దిగాను. మూడో చుట్టుకు నా అడుగు తప్పితే, "ఆయమ్మకు కాగితం మీద మాత్రమే సరిగా వస్తాది, వదిలేయండే" అని పిల్లలందరి ముందూ అన్నది. ఆ పిల్లలు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వు ఆపుకుంటారు.

అంబలి విషయంలో ఆమెకు ఒక నియమం ఉండేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లకే మొదటి గరిట. పెద్దమనుషులు ముంతలు పట్టుకుని నిలబడినా సరే. "నిద్రమొగాలు ముందు" అనేది. ఊరి పెద్ద దొరసామి మామకు ఒకసారి కోపం వచ్చి, "నేను నిద్రపోయి లేచి వచ్చింది తప్పా?" అన్నాడు. "తప్పు లేదు మామా, వేచుకోండి. నిద్రపోయినవాండ్లకు ఓపిక ఉంటాది" అన్నది. ఆయన వేచి ఉన్నాడు.

కానీ ఒకప్పుడు మా నోంబికి రాత్రి షిఫ్టు మగవాళ్లు అసలు లేరు. దాని కారణం కాప్పు నియమం. తప్పట మూడు చుట్లు మోగి, పొలిమేరలో వేపకట్టలు కట్టడం పూర్తయితే కాప్పు కట్టినట్టు. ఆ మోత చెవిన పడినవాళ్లు తొమ్మిది రోజులూ ఏ రాత్రీ పొలిమేర దాటి ఉండకూడదు. పగలు పోవచ్చు, పొద్దుగూకే లోపల రావాలి. మోత వినకుండా ముందే వెళ్లిపోయినవాళ్లు నోంబి ముగిసేదాకా ఊళ్లో అడుగు పెట్టకూడదు. మిల్లు పొలిమేరకు అవతల ఉండేది. రాత్రి షిఫ్టు మానితే పని పోతుంది. అందువల్ల ఆ మంగళవారం నాలుగింటి సంగు కూయగానే మగవాళ్లు మూటలు చంకన పెట్టుకుని, తప్పట మోగకముందే, మిల్లువాళ్లు కట్టించిన లైను ఇళ్లకు పోయేవాళ్లు. తొమ్మిది రోజులు పగలు భార్యలు క్యారియర్లు మోసేవాళ్లు. ఉట్టి కొట్టడానికి పళ్లూడిన తాతలే మిగిలేవాళ్లు. ఒక సంవత్సరం ఉట్టి ఎవరికీ అందక, నిచ్చెన వేసుకుని దించారు.

రామక్క భర్త వెంకటసామి కూడా అలాగే వెళ్లేవాడు. మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడి ఎరుగడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట, కాప్పు కట్టిన నాలుగో నాడు, శుక్రవారం, లైను ఇంట్లో అతనికి జ్వరం తగిలింది. శనివారం నేనూ రామక్కా కలిసి వెళ్లాం. అతను మనిషిని గుర్తుపట్టే స్థితిలోనే ఉన్నాడు. కంపౌండరు మందు ఇచ్చి వెళ్లాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు మరీ కాలిపోతున్నది. అతను ఊళ్లోకి రాకూడదు, ఆమె అక్కడ ఉండకూడదు.

"అక్కా, పొద్దు వాలింది. లే" అన్నాను.

"కొంచేపు ఉంటా అలమేలూ."

"ఉండకూడదు కదా. ఊరంతటికీ కీడు అవుతాది."

ఆమె లేవలేదు. నేను రెక్క పట్టుకుని లేపాను. వెంకటసామి కళ్లు తెరిచి, "పో రామూ, పొద్దున దా" అన్నాడు. పొద్దు పూర్తిగా గూకడానికి పావుగంట ముందే మేము పొలిమేర లోపలికి వచ్చేశాము. నేను ఆ సంగతి తృప్తిగా గమనించుకున్నాను కూడా. ఆదివారం పొద్దున ఆమె క్యారియరుతో వెళ్లేసరికి అతను పోయి మూడు గంటలైంది. పక్క మంచం మనిషి షిఫ్టులో ఉన్నాడు. ఒంటరిగా పోయాడు.

ఆ తరువాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు చాలాకాలం అనిపించింది.

మరుసటి ఏడు ఆమెకు మైల. ఆ పై ఏడు నోంబికి ముందు ఆదివారం నేను మా వసారాలో వేపకట్టలు కడుతున్నాను. ఆ పని మా అత్తగారి నుంచి నాకు వచ్చింది. ఆమె మంచాన పడ్డ నాడు నన్ను పిలిచి, "ఏడు కట్టలు. ఆరు కాదు, ఎనిమిది కాదు" అని చెప్పి కళ్లు మూసుకున్నది. అప్పటి నుంచి పదకొండేళ్లుగా ఏడు కడుతూనే ఉన్నాను. రామక్క వచ్చి కూర్చుని, కట్టలు చూసింది.

"ఇవి యాడాడ కడతారే?"

"గుడి ముందర ఒకటి, నాలుగు మూలలకు నాలుగు."

"అయిదాయె. తక్కిన రెండు?"

"మిగులుతాయి."

"మిగిలినవి ఏంజేస్తావు?"

"మేకకు వేస్తాను."

ఆమె మిగిలే రెండు కట్టలూ చేతిలోకి తీసుకుని చూసింది. తరువాత, "ఏడు కట్టేది ఆయమ్మ చెప్పిందా, నీవుగా కడతాండావా?" అని అడిగింది. అత్త చెప్పిందన్నాను. "మీ అత్త మేక కోసం చెప్పి ఉండదు" అని లేచి వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున చావడిలో పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లం పక్కన నిలుచుంటాం, మాట్లాడం. రామక్క మాట్లాడింది.

"మామా, మన ఊరి ఎల్లై ఎన్ని చోట్ల ఉండాది?"

దొరసామి మామ అన్నాడు, "పొలిమేరకు అయిదు చోట్ల కడతాం. చిన్నబిడ్డకు తెలుసును."

"అలమేలు ఏడు కడతాంది. రెండు మేకకు పోతాంది."

"అట్లంటే అయిదే కట్టమను. తాతలు పెట్టిన ఎల్లైని మార్చేది ముడియాదు."

"మార్చమని యారు చెప్పిరి మామా? తాతలు పెట్టిన చోట కట్టమంటాండా. అది యాడుండాదో చెప్పండి, చాలు."

ఎవరికీ తెలియదు. అప్పుడు ఆమె మూలన కూర్చున్న పూజారి తండ్రి వైపు తిరిగింది. ఆయనకు చూపు పోయి చాలాకాలం. మునుపు వేపకట్టలు పట్టుకుని పొలిమేర చుట్టినవాడు ఆయనే.

"తాతా, నీవు చుట్టేటప్పుడు ఎన్ని?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏడు" అన్నాడు.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. పల్లం అవతల నల్లరాయి దగ్గర ఒకటి, దానికవతల జొన్నచేని గట్టున ఒకటి కట్టేవాళ్లట. ఆ చేను ఉన్నచోటే మిల్లు వచ్చింది. గోడ లేచాక అడ్డదారి మూసుకుపోయింది. చుట్టు తిరిగి పోవాలంటే చాలా దూరం.

"అప్పుడు నాకు కాలు నొప్పి. ఒక ఏడు వదిలేసినా. మరు ఏడు పోదామంటే, యారూ అడగలా. సరి, అట్లే విట్టుడలాం, వదిలేద్దాం అనుకుంటి."

"మీ కాలు నొప్పి మాకు శాస్త్రమైపోయిందే తాతా" అన్నది రామక్క.

ఎవరో నవ్వారు. దొరసామి మామ కూడా మీసాల కింద నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను మనసులో లెక్క వేస్తున్నాను. పదకొండేళ్లకు ఇరవై రెండు కట్టలు. నా చేతులతో కట్టి, నా చేతులతోనే మేకకు వేసినవి. వెంకటసామి పోయిన సంవత్సరంవి కూడా అందులో రెండు. అవి వాటి చోట ఉండి ఉంటే మిల్లు లైను పొలిమేర లోపలే ఉండేది. ఆ శనివారం ఆమె లేవవలసిన పని లేదు. లెక్క తప్పకుండా ఉంచాను. లెక్క దేనికో అడగలేదు.

ఆ సాయంత్రం చేని గట్టు ఉన్నచోటు చూస్తే, అది సరిగ్గా పత్తి గోడౌను గోడకు లోపలి వైపున పడింది. వాచ్‌మెన్ లోపలికి విడవనన్నాడు. పూజారి వెనక్కి తిరగబోయాడు. "గోడకు బయట కట్టు సామి. అమ్మకు గోడ అడ్డమా?" అన్నది రామక్క. గోడ వెనక ఒక మేకు కొట్టి ఏడో కట్ట కట్టారు. అప్పుడు తప్పట మోగింది. నాలుగింటి సంగుకు మూటలు కట్టుకున్న పంతొమ్మిదిమంది మగవాళ్లు, పోవాలా ఉండాలా తెలియక, మూటలతోనే వీధిలో నిలబడిపోయారు. వాళ్లలో మావారూ ఉన్నారు. మా పెళ్లయిన తరువాత ఆయన నోంబి చూడడం అదే మొదలు. మరుసటి పొద్దున రాత్రి షిఫ్టు దిగి వచ్చి అంబలికి వరుసలో నిలబడి, తాగుతూ తాగుతూ గోడకు ఆనుకుని నిద్రపోయారు.

ఆ రోజు అందరూ పోయాక నేను రామక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నేను ముందరే అడిగుంటే" అన్నాను.

ఆమె అంబలి కుండ తోముతున్నది. తలెత్తకుండానే అన్నది, "నీవు మిగులుతాదని అయిదే కట్టుంటే, నేను దేన్ని పట్టుకోని అడిగేది? పోయి పండుకో."

ఆ మాటలో నన్ను క్షమించినట్టు కనబడనివ్వకుండా క్షమించింది. మనిషిని చిన్నబుచ్చకుండా బరువు దించడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ తరువాత ముప్పై ఆరు నోంబులలో భర్త పేరు ఎత్తి ఈ మేలు తన వల్ల జరిగిందని ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. గోపాలుకే ఈ సంగతి తన పెళ్లయ్యాక నేను చెబితే తెలిసింది.

పొలిమేర మిల్లు దాటిన తరువాత ఆమె ఇంకొక చిక్కు తెచ్చింది. లైను ఇళ్లలో తెలుగు మాట్లాడే వేదక్కార కుటుంబాలు ఏడు ఉండేవి. చర్చికి పోయేవాళ్లు. రామక్క మొదటి ఏడే వాళ్ల గుమ్మాల ముందు అంబలి కుండ దించింది. దొరసామి మామ గొణిగాడు. "ఎల్లై లోపల పొయ్యి వెలిగే ఇల్లన్నీ మన ఇల్లే మామా. లేకుంటే కట్ట విప్పుకోని రండి" అన్నది. ఎవరూ విప్పడానికి పోలేదు. మరుసటి ఏడు నుంచి చలిపందిరిలో పానకం కలిపే పని ఆ ఆడవాళ్లే అడిగి తీసుకున్నారు. వాళ్ల పానకంలో శొంఠి మోతాదు ఎక్కువ. నేను చెప్పి చూశాను. రామక్క నన్నే గమ్మున తాగమన్నది.

ఇప్పుడు ఆఖరి రోజుల సంగతి. ఈ ఏడు కాప్పు కట్టడానికి రెండు రోజుల ముందు ఆమెకు ఆయాసం ఎక్కువై, గోపాలు కోయంబత్తూరు తీసుకుపోయాడు. తప్పట మోత ఆమె వినలేదు. ఆదివారం పొద్దున గోపాలు వచ్చి పొలిమేర బయటే నిలబడి నన్ను పిలిపించాడు. వాడు కూడా కాప్పు విననివాడు, అందుకని ఊళ్లోకి రాలేదు. "పిన్నమ్మా, అమ్మ నిన్ను అడుగుతాంది" అన్నాడు.

పన్నెండు ఇరవై బస్సుకు వెళ్లాను. ఆమె సన్నగా అయిపోయింది గానీ తెలివి తెలివిగానే ఉంది. కుమ్మికి ఎందరు వస్తున్నారని అడిగింది. ఇరవై ఆరు అన్నాను. గోపాలు కూతురు వేగంగా చెయ్యి తడుతుంది, కొంచెం అణచమని చెప్పింది. సాయంత్రమైంది. మా ఊరికి ఆఖరి బస్సు ఆరుంబావుకు.

"బస్సు పోతాది అలమేలూ."

"పోనీ."

"కాప్పు ఉండాది."

"ఉండనీ."

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. "నీవా ఇట్ల మాట్లాడేది?" అన్నది. తరువాత ఆయాసంలోనే నవ్వి, "సరి, కూకో. నీవు తప్పు చేసేది చూసేకి ఇన్నాళ్లు ఉండాల్సొచ్చె" అన్నది. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. గోపాలు అటు పక్క, నేను ఇటు పక్క. తెల్లవారే దాకా ఆ చెయ్యి నేను వదలలేదు.

ఊరు ఆ సోమవారం పగలంతా తప్పట ఆపి, పొలిమేర దగ్గరికే వచ్చి ఆమెను సాగనంపింది. రాత్రి షిఫ్టువాళ్లు ఇంటికి పోకుండా నేరుగా వచ్చి పాడె మోశారు. మంగళవారం చావడిలో నేను కాప్పు తప్పానని నేనే చెప్పాను. దొరసామి మామ కొడుకు ఇప్పుడు పెద్ద. "ఆసుపత్రి విషయం కదా అత్తా, యారు అడిగిరి నిన్ను?" అన్నాడు. అడగకపోయినా నియమం నియమమే. కాప్పు తప్పినవాళ్లు నోంబి పందిరిలోకి రాకూడదు. బుధవారం నేను పందిరికి బయట, ఎండలో, రోడ్డు మీద నిలబడ్డాను. పానకం కలిపే ఆడవాళ్లు గొడుగు తెచ్చి ఇచ్చారు. తీసుకున్నాను.

నిలబడినంతసేపూ నాకు సిగ్గు కలగలేదు. అరవై తొమ్మిదేళ్ల జీవితంలో నేను తెలిసి తప్పిన నియమం అది ఒక్కటే. తప్పవలసిన రోజు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ల కిందటి ఆ శనివారం. ఆ ఆలస్యం రామక్కకు తెలుసు. ఏ రోజూ దాన్ని నాకు ఎత్తి చూపకుండా, నా పక్కన కూర్చుని, నన్ను ఆటపట్టిస్తూ బతికింది. అంత పెద్ద మనసుకు నేను చేతులెత్తి మొక్కుతున్నాను. ముప్పై ఏడు గడపల్లోనూ, లైను ఇళ్లలోనూ వెతికి చూశాను. అలాంటి మనిషి మరొకరు లేరు.